బావ పేరు మీద కలిసొచ్చిన కాఫీ

మా ఇంట్లో కాఫీ తాగే అర్హత ఇద్దరికే ఉండేది. ఒకటి జ్వరం వచ్చినవాడికి, రెండు ఇంటి అల్లుడికి. మిగతా అందరికీ చాయ్. కాఫీ ఎట్లా ఉంటుందని అడిగితే మా బాపు, "చేదుగ ఉంటది, గోలీ ఏసుకున్నంక తాగుతరు" అని తేల్చేసేవాడు. అలాంటి ఇంట్లో పుట్టి, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఊరూరా జనానికి కాఫీ అలవాటు చేసినవాణ్ణి నేను. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. తప్పు వాళ్లది కాదు. నేను నోరు తెరిస్తే నవ్వాలని వాళ్లకు నేనే నేర్పాను.

ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మానేశాను అంటే కాస్త గౌరవంగా ఉంటుంది గానీ, అసలు సంగతి ఏమిటంటే లెక్కల సారూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసి విసిగిపోయాం. ఆయనకు జీతం వస్తుంది కాబట్టి ఆయన ఉండిపోయాడు, నేను వచ్చేశాను. బాపు నన్ను గోదావరి ఒడ్డున బొగ్గుబాయి కాలనీలో ఒక మెస్సులో పనికి పెట్టించాడు. ఆ కాలనీలో ఒక్కో క్వార్టర్‌ది ఒక్కో భాష. మెస్సు నడిపేది ఒక తమిళ అమ్మ. భర్త బాయిలో పనిచేసి రిటైరై దిగిపోయాడు, ఆమె మాత్రం పొయ్యి దగ్గర నుంచి దిగలేదు. ఇత్తడి ఫిల్టరు మూత తెరిచి తొంగిచూశానంటే గరిటెతో వేళ్ల మీద కొట్టేది. నీళ్లు పోసిన తర్వాత దాని జోలికి పోకూడదు, అది దిగినప్పుడే దిగుతుంది అనేది. నాకు ఓపిక అనే వస్తువు దొరికింది జీవితంలో అక్కడ ఒక్కచోటే. అదీ కాఫీ వరకే.

ఆమె సొంత ఊరికి వెళ్లిపోతే నేను కరీంనగర్ వచ్చి కోర్టు దగ్గర బండి పెట్టాను. చుట్టూ చాయ్ బండ్లు, మధ్యలో నాది కాఫీ బండి. మొదట్లో ఎవరూ తాగలేదు. అప్పుడు కాఫీతో పాటు ముచ్చట్లు కూడా పోయడం మొదలుపెట్టాను. వాయిదా పడ్డవాణ్ణి ఓదార్చేవాణ్ణి, కేసు గెలిచినవాణ్ణి ఏడిపించేవాణ్ణి, నల్లకోట్లవాళ్లను ముఖం మీదే వెక్కిరించేవాణ్ణి. నవ్వడానికి వచ్చినవాళ్లు కాఫీ తాగారు, కాఫీ తాగినవాళ్లు మర్నాడు మళ్లీ వచ్చారు. అక్కడికే మా బావ కూడా వచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. దుబాయిలో క్రేను నడిపి, ఇక చాలనుకుని సుల్తానాబాద్ దగ్గర తన ఊరికి తిరిగొచ్చాడు. మా దగ్గర బావా బామ్మర్దులు పరాచికాలు ఆడుకోవడం ఆచారం. ఆయన నన్ను ఎంత మాటైనా అనవచ్చు, నేను ఆయనను ఎంత మాటైనా అనవచ్చు, ఎవరూ నొచ్చుకోకూడదు. మాకిద్దరికీ నోరు పెద్దది కాబట్టి ఆచారాన్ని కాస్త ఎక్కువే పాటించాం. చుట్టాల పెళ్లిళ్లలో మేమిద్దరం ఒకే బంతిలో కూర్చుంటే వడ్డించేవాళ్లు కూడా బకెట్లు దించి నిలబడిపోయేవాళ్లు.

ఆ రోజు బండి దగ్గర నిలబడి రెండు గుక్కలు తాగి అన్నాడు.

"బామ్మర్ది, గీ బండిని ఎన్ని రోజులు నూకుతవ్?"

"నేనేడ నూకుతున్న బావా, అదే ముంగట పోతది. నేను ఊకెనే ఎన్క నడుస్తున్న."

"నా దగ్గర జర పైసలున్నయ్. నీ దగ్గర చెయ్యున్నది. మంచిగ కుర్చీలేసి దుకాణం పెడ్దాం. సగం నీది, సగం నాది."

"ఏ సగం నాది? నురుగు దిక్కా, అడుగు దిక్కా?"

"నురుగు నీది, అడుగు నాది" అని బావ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. వ్యాపారం ఒప్పందం అంటే మా మధ్య జరిగింది అంతే. సగం సగం. దానికి సాక్షులు కోర్టు ముందు నిలబడ్డ నల్లకోట్లే అయినా, వాళ్లలో ఒక్కడు కూడా కాగితం మీద రాసుకోమని చెప్పలేదు. కాఫీ ఊరికే ఇచ్చినా సలహా ఊరికే రాదు.

దుకాణం ఖాయమయ్యాక మా అమ్మ, మేం అవ్వ అంటాం, ఒక మాట వేసింది. "ఎవలి పేరు మీద కలిసొస్తదో అయ్యగారిని అడుగున్రి కొడుకా."

ఈ సంగతి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలి. మా దగ్గర ఇల్లు కట్టడానికి ముగ్గు పోసినా, బోరు వేసినా, ట్రాక్టరు కొన్నా ముందు పేరుబలం చూస్తారు. ఆ ఇంట్లో ఎవరి పేరుకు బలం ఉంటే వాళ్ల పేరు మీద పని మొదలవుతుంది. ముగ్గురు అన్నదమ్ములు కలిసి కొన్న ట్రాక్టరు కాగితాల్లో చిన్న తమ్ముడి భార్యది అయి ఉంటుంది, ముగ్గురూ దున్నుకుంటారు. పేరు ఒకరిది, వస్తువు అందరిది. పట్నంలో చదువుకున్నవాడు వింటే తల పట్టుకుంటాడు. మా దగ్గర అట్లా చేయనివాణ్ణి చూస్తే మేం తల పట్టుకుంటాం.

ధర్మపురి వెళ్లాం. గోదావరిలో కాళ్లు కడుక్కుని, నర్సింహస్వామికి దండం పెట్టుకుని, అయ్యగారి ముందు కూర్చున్నాం. ఆయన పంచాంగం విప్పి, వేళ్లు ముడిచి, నా వైపు జాలిగా చూశాడు.

"నీ పేరుకు ఏలినాటి శని నడుస్తున్నది నాయనా. ఏడున్నరేండ్లు ఏది ముట్టుకున్నా కలిసిరాదు. మీ బావ పేరు మీదనైతే దివ్యంగ ఉన్నది."

"అయ్యగారూ, శని నన్ను వట్టుకున్నది, నేను పోయి బావను వట్టుకున్న. గిప్పుడు శని ఎవలికి వట్టినట్టు?"

అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. బావ నా వీపు మీద చరిచి, "పేరుదేమున్నదిరా, పేరు గోడకు. దుకాణం మనిద్దరిది" అన్నాడు. అప్పుడు ఆయన అబద్ధం చెప్పాడని నేను అనుకోను. ఆ మాట అన్నప్పుడు నిజమే అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. మొదటి నుంచీ మోసం చేయాలనుకున్న మనిషైతే తిట్టుకోవడం ఎంత సుఖం!

కిరాయి కాగితం, మునిసిపాలిటీ లైసెన్సు, కరెంటు మీటరు అన్నీ బావ పేరు మీద అయ్యాయి. బోర్డు రాసే పెయింటర్ కప్పు బొమ్మ వేసి, ఇంకా ఏదో తక్కువైందని నా ముఖం వైపు చూసి, ఆ కప్పుకు మీసం పెట్టాడు. నా మీసమే. రెండు పక్కలా పైకి తిరిగి, బడి మానేసినవాడి ధైర్యంలాగా ఉండేది. మీసం కప్పు కాఫీ అని ఊరంతా పేరు పడింది.

కలిసొచ్చింది. అయ్యగారిని అనడానికి ఏమీ లేదు, నిజంగానే బావ పేరు మీద కలిసొచ్చింది. దుకాణంలో నిలబడే చోటు లేకుండా అయ్యింది. ఆ తర్వాత సుల్తానాబాద్‌లో ఒకటి, పెద్దపల్లిలో ఒకటి, జగిత్యాలలో ఒకటి పెట్టాం. అటు తర్వాత గల్ఫ్ నుంచి వాపసు వచ్చినవాళ్లు బావ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర పైసలున్నాయి, ఏం చేయాలో తెలియదు. మాకు బోర్డు ఇయ్యి, మేం నడుపుకుంటాం అన్నారు. బావ బోర్డులు ఇచ్చాడు. బోర్డు వాళ్ల ఊరికి వెళ్లేది, దాని వెనక బస్సులో నేను వెళ్లేవాణ్ణి.

ఎందుకంటే బోర్డుతో కాఫీ రాదు. ఊరు మారితే నీళ్లు మారతాయి. ఒకచోట బోరు నీళ్లు ఉప్పు, ఒకచోట నల్లా నీళ్లకు మందు వాసన, ఇంకోచోట పాలవాడు పాల కంటే నీళ్ల మీద ఎక్కువ నమ్మకం ఉన్నవాడు. ప్రతి ఊళ్లో చాప వేసుకుని పడుకుని, పొడీ పాలూ మార్చి, నీళ్లు మార్చి, పనివాళ్లకు నేర్పి, జనానికి అలవాటయ్యే దాకా ఉండి వచ్చేవాణ్ణి. జగిత్యాలలో మొదటి రోజు ఒక పెద్దమనిషి గుక్కెడు తాగి గ్లాసు కిందపెట్టి, "గిదేందిర బై, చాయ్ మాడిపోయిందా?" అన్నాడు. "లేదు పెద్దయ్యా, చాయ్ సదువుకున్నది, గందుకే నల్లవడ్డది" అన్నాను. నవ్వి మొత్తం తాగాడు. మర్నాడు ఇద్దరు మనవళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను సగం యజమానినని నాకు అనుమానమే లేని రోజులవి. చాప మీద పడుకున్నా నా దుకాణంలోనే పడుకున్నానని నిద్ర పట్టేది. ఇంటి ఖర్చులకు ఎంత కావాలంటే అంత బావ ఇచ్చేవాడు. అడిగినప్పుడల్లా ఇచ్చేవాణ్ణి ఇంకేం అడుగుతాం?

ఒక పొద్దున బావ ఫోన్ చేసి ఆడిటర్ దగ్గరికి రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి బావా అక్కా కుర్చీల్లో ఉన్నారు. దుకాణాలన్నీ కలిపి కంపెనీ చేశారట. మిఠాయి డబ్బా నా చేతిలో పెట్టి ఆడిటర్ అందరికీ పంచమన్నాడు. పంచాను. పంచుతూ పంచుతూ అడిగాను.

"సార్, కంపెనీల ఎవలెవలున్నరు?"

"మీ బావగారు, మీ అక్కగారు. ఇద్దరే డైరెక్టర్లు."

"మరి నేను?"

"మీరు ట్రైనింగ్ చూస్తున్నారు కదా. స్టాఫ్‌లో పైన మీ పేరే పెట్టినం. పీఎఫ్ కూడా వస్తది."

మీసం బొమ్మ కూడా కంపెనీ పేరు మీద రిజిస్టర్ అయిందని, ఇక దాన్ని ఎవరూ వాడుకోవడానికి వీల్లేదని చెప్పి ఆడిటర్ నా వైపు చూసి కళ్లు చిట్లించాడు. ఎందుకు చిట్లించాడంటే, కాపీ కొట్టినవాడు ఎదురుగానే నిలబడ్డట్టు అనిపించి ఉంటుంది.

"అయితే సార్, రేప్పొద్దున మంగలి దగ్గర గూసున్నప్పుడు నేను కంపెనీని అడగాల్నా?"

అందరూ విరగబడి నవ్వారు. బావ కళ్లు తుడుచుకున్నాడు. అక్క కూడా నవ్వింది గానీ నా వైపు చూడకుండా నవ్వింది. కడుపు మండినప్పుడు కూడా నా నోటి నుంచి జోకే వస్తుందని ఆ రోజు మొదటిసారి గమనించాను. కుంటివాడు పరిగెత్తాలనుకున్నా కుంటుతూనే పరిగెత్తుతాడు కదా, అట్లా.

కొన్నాళ్లకు బావ కొత్త కారు కొన్నాడు. పూజ చేయించడానికి కొండగట్టుకు బయలుదేరి నన్ను కూడా ఎక్కించుకున్నాడు. అప్పటికి అయ్యగారు చెప్పిన ఏడున్నరేండ్లు నిండిపోయాయి. గుట్ట మీద కారు చుట్టూ దండలు కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్నప్పుడు, ఇక్కడైతే ఆంజనేయస్వామి కూడా వింటాడని ధైర్యం చేశాను.

"బావా, నా శని వోయింది."

"అవునారా? మరి నా ముంగట నిలవడ్డది ఎవలు?"

పూజారి నవ్వాడు, డ్రైవర్ నవ్వాడు, కొబ్బరికాయలు అమ్మే ఆమె నవ్వింది. కోతి ఒక్కటే నవ్వలేదు, దానికి చిప్పల మీద ధ్యాస. నేను ఊరుకోలేదు.

"పరాచికం కాదు బావా. శనంటివి, పేరంటివి, సరేనన్న. గిప్పుడు నా పేరు సుత కాయితంల వెట్టు. సగమన్నవ్ గదా."

"ఇంట్ల మనిషివి, నీకు కాయితమెందుకురా? పరాయోళ్లకు కావాలె కాయితాలు. నీకేమన్న తక్కువైందా చెప్పు, గిప్పుడే ఇస్త."

అంటూ జేబులోకి చెయ్యి పెట్టాడు. అంతమందిలో ఆ చెయ్యి జేబులో నుంచి బయటికి వచ్చే లోపల నేనే, "నిమ్మకాయ తక్కువైంది బావా, నాలుగో టైరుకు" అన్నాను. అందరూ మళ్లీ నవ్వారు. నేనే వంగి నిమ్మకాయ పెట్టాను.

ఆదిలాబాద్‌లో దుకాణం తెరిచే రోజు వచ్చింది. పత్తి వ్యాపారం చేసే ఒకాయన తీసుకున్నాడు బోర్డు. పెద్ద దుకాణం, అద్దాల తలుపులు, ముందు షామియానా. చలి కొరికేస్తోంది. ఊరి పెద్దలు శాలువాలు కప్పుకుని కుర్చీల్లో కూర్చున్నారు. కొందరు మరాఠీలో, కొందరు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. "కాయ్ భావూ, మీసం తెచ్చినవా?" అని పత్తి సేటు నన్ను కౌగిలించుకున్నాడు. ఏ ఊళ్లో దుకాణం తెరిచినా మైకు నా చేతికే ఇస్తారు. జనాన్ని నవ్వించి లోపలికి పంపడం నా పని. దానికి పీఎఫ్ లేదు.

లోపల గోడ మీద కొత్తగా ఒక పెద్ద ఫొటో పెట్టారు. బావ ఎడారిలో క్రేను పక్కన నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు. దుబాయి ఎండల్లో మంచి కాఫీ కోసం అలమటించి, సొంత గడ్డకు ఆ రుచి తేవాలని కలగన్నాడని కింద రాసి ఉంది. మా బావ దుబాయిలో కలగన్నది మా అవ్వ చేసే పచ్చిపులుసు గురించి. అక్కకు ఫోన్‌లో ఆయన చెప్పుకున్నది నాకు తెలుసు. దాన్ని చదివి బయటికి వచ్చి మైకు పట్టుకున్నాను. ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకున్నాను. ఇంత జనంలో చెబితే వెనక్కి తీసుకోవడానికి ఉండదని లెక్క వేసుకున్నాను.

"ఇనుండ్రి. గీ కాఫీ నాది. గా బోర్డు మీద మీసం నాది. పైసలు మా బావయి, చెయ్యి నాది. సగం సగమని మాటిచ్చిండు. ఇగ ఇస్తలేడు."

నవ్వులు మొదలయ్యాయి.

"నవ్వకున్రి. ఒట్టు, నిజం చెప్తున్న. నన్ను కంపెనీల నౌకరు కింద రాసిండు."

ఈలలు వేశారు. ముందు వరుసలో ఒక ముసలాయన దగ్గు వచ్చేదాకా నవ్వి, పక్కవాడి శాలువాతో కళ్లు తుడుచుకున్నాడు. నా దగ్గరున్న నిజం అయిపోయింది. అప్పుడు బావ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి మైకు తీసుకున్నాడు.

"సగమెందుకు బామ్మర్ది? మొత్తం తీస్కో! మీ అక్కను సుత మీ ఇంటికి తోల్కపో!"

షామియానా ఊగిపోయింది. అంత నవ్వు ఏ ఊళ్లోనూ వినలేదు నేను. బావ నా చెంప గిల్లాడు. ఆ మాటలో నవ్వు జనానికి, మిగతాది నాకు. అక్క ముందు వరుసలో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆమె నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, నా ముఖం వైపు చూస్తూ తల అడ్డంగా కొంచెం, కొంచెమే ఊపింది. ఇక వద్దు అన్నట్టు. నేను మైకు అందుకుని, "మా అక్కనైతే వాపసు తీసుకోం, అమ్మిన సరుకు వాపసు లేదు!" అన్నాను. రిబ్బన్ కత్తిరించారు.

ఇంటికి వచ్చి అవ్వకు చెబితే అవ్వ నవ్వలేదు.

"అల్లుడు నవ్వుకుంటనే అన్నడు. అన్నడు గదా" అంది. కాసేపటికి, "ఇగ గా ముచ్చట ఎత్తకు కొడుకా. దుకాణాలు మళ్ల వెట్టుకోవచ్చు. బిడ్డ కాపురం మళ్ల వెట్టలేం" అంది.

"మరి నాది?"

"నీదేమున్నది, నువ్వు మొగోనివి. యాడన్న బతుకుతవ్."

పేరుబలం చూపించమన్నది ఆమే, మాట వదులుకోమన్నదీ ఆమే. రెండుసార్లూ మా మంచికే చెప్పింది.

తర్వాత హైదరాబాద్ నుంచి ఒక పెద్ద కంపెనీవాళ్లు వచ్చి దుకాణాలన్నీ తిరిగి చూశారు. మొత్తం కొనేస్తారని పనివాళ్లలో గుసగుసలు. నాలో చచ్చిన ఆశ మళ్లీ లేచి కూర్చుంది. ఇంత పెద్ద అమ్మకంలో నన్ను పిలవకుండా ఉండరు, కాఫీ నేర్పినవాడి సంతకం లేకుండా ఎట్లా కొంటారు అనుకున్నాను. పిలిస్తే పెట్టను అనాలని నిర్ణయించుకున్నాను. ఎట్లా అనాలో కూడా అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. మరీ కోపంగా కాకుండా, మరీ నవ్వుతూ కాకుండా. ఇస్త్రీ చొక్కా ఒకటి విడిగా పెట్టమని మా ఆవిడకు చెప్పాను. ఆమె చొక్కా తీసి కొక్కేనికి తగిలించింది. అది అక్కడే వేలాడింది. నన్ను ఎవరూ పిలవలేదు. నేను పెట్టనని అనబోయిన సంతకం ఎవరికీ అక్కర్లేకపోయింది. అమ్మకం అయిపోయిందని జగిత్యాల దుకాణంలో గ్లాసులు కడిగే ఆమె చెబితే తెలిసింది. ఆమెకు కొత్త చొక్కా ఇచ్చారట, మీసం బొమ్మతో.

బావ సుల్తానాబాద్‌లో కొత్త ఇల్లు కట్టి దావత్ ఇచ్చాడు. వెళ్లకూడదనుకున్నాను. అక్క రెండుసార్లు ఫోన్ చేస్తే వెళ్లాను. అన్నాలు అయ్యాక చుట్టాలందరి ముందు బావ నన్ను పీట మీద కూర్చోబెట్టాడు. మా దగ్గర శుభకార్యానికి బామ్మర్దికి బట్టలు పెడతారు. అక్క పళ్లెంలో ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ, పైన ఒక కవరు పెట్టుకుని తెచ్చింది. కవరు లావుగానే ఉంది. నాకు బొట్టు పెట్టడానికి వంగింది.

నేను మెల్లగా, ఆమెకు మాత్రమే వినిపించేలా అడిగాను. "అక్కా, అమ్మే కాయితం మీద నువ్వు సంతకం వెట్టినప్పుడు నేను యాదికొచ్చిన్నా?"

కుంకుమ వేలు నా నుదుటి ముందు ఆగిపోయింది.

"వచ్చినవ్ తమ్మి" అంది. "యాదికొచ్చినవ్. వెట్టిన."

అబద్ధం చెప్పి ఉంటే బతికిపోయేవాణ్ణి. మొగుడు కొట్టి పెట్టించాడని అయినా చెప్పలేదు. చెప్పిన రెండు మాటలూ నిజమే చెప్పింది. నేను పీట మీద నుంచి లేచాను. పళ్లెం అక్క చేతిలోనే ఉంది.

"ఏమాయె బామ్మర్ది, రంగు నచ్చలేదా?" అన్నాడు బావ.

అందరూ నవ్వి నా వైపు తిరిగారు, నేనేమంటానో విందామని. వాళ్లు అట్లా ఎదురుచూస్తారని నాకు తెలుసు. నాలుక చివర ఒకటి కాదు, మూడు జవాబులు వచ్చి నిలబడ్డాయి, మూడూ మంచివే. ఒక్కటి విసిరి ఉంటే బట్టలు తీసుకుని, మిఠాయి తిని, మామూలుగా ఇంటికి వచ్చేవాణ్ణి. ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. వెనక నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. నీళ్లు అయిపోయిన నల్లాలాగా కాస్త కాస్తగా ఆగింది.

ఇప్పుడు నేను పెళ్లిళ్లకు కాఫీ పెడుతున్నాను. వంటవాళ్ల ముఠాతో పాటు ఫంక్షన్‌హాళ్లకు వెళ్తాను. వాళ్లు అన్నాలు చూసుకుంటారు, నేను గుమ్మం పక్కన బల్ల వేసుకుని వచ్చినవాళ్లకు పోస్తాను. కొత్త కంపెనీవాళ్ల దుకాణాల్లో ఒకసారి తాగి చూశాను. డబ్బాలో నుంచి వచ్చే కషాయం, అన్ని ఊళ్లలో ఒకే రుచి. వాళ్లకు ఇక మనిషి వెళ్లి నీళ్లు చూసే పని లేదు. గోడ మీద బావ ఫొటో కూడా తీసేశారు. ఆయన మీద కోపం ఉన్నవాడికి అది కాస్త సంతోషం కలిగించాలి. కలిగించలేదు.

మొన్న కరీంనగర్‌లో ఒక పెళ్లికి బావ వచ్చాడు. జుట్టు తెల్లబడింది, బంగారు గొలుసు లావైంది. వరుసలో నిలబడి నా బల్ల దగ్గరికి వచ్చి కప్పు తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ముఖం చిట్లించినట్టు పెట్టి, పక్కవాళ్లకు వినిపించేలా అన్నాడు.

"ఏం బామ్మర్ది, చక్కెర జర ఎక్కువైంది. పెండ్లిపిల్ల తరఫోళ్లు లంచమిచ్చిన్రా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. బావ కప్పు పట్టుకుని నా నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో నిజంగానే ఆశ ఉంది. నేను మర్యాదగా చెయ్యి చాచాను.

"వేరేది పోస్త. అది ఇటియ్యుండ్రి."

అక్క పెళ్లైన నాటి నుంచి ఆయనను నువ్వు అని తప్ప మీరు అని నేను పిలిచింది లేదు. బావ కప్పు ఇవ్వలేదు. వద్దు, ఇదే మంచిగున్నదని ఏదో గొణిగి, కాసేపు అక్కడే నిలబడి, ఆ తర్వాత పక్కకు జరిగాడు. ఆయన వెనక ఉన్నాయన కప్పు కోసం చెయ్యి చాచాడు. పోశాను.